అత్తయ్య పండగ నా చేతికొచ్చింది, ఎలా చేయను?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక గృహిణి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 46. 2002లో పెళ్లయి ఆ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చారు. కూతురు బీటెక్ చదువుతోంది, కొడుకు ఇంటర్. మామగారికి 78 ఏళ్లు. ఇరిగేషన్ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అత్తగారు నిరుడు కార్తీకంలో పోయారు. ఏడాది పాటు ఇంట్లో పండగలు లేవు. పోయిన నెల సంవత్సరీకం జరిగింది కాబట్టి వచ్చే సంక్రాంతికి మళ్లీ పండగ చేసుకోవాలి. ఆమె టెన్షన్ అంతా అక్కడే.

వాళ్లింట్లో సంక్రాంతికి వైజాగ్ నుంచి ఆడపడుచు, హైదరాబాద్ నుంచి మరిది, పామర్రు దగ్గరి సొంతూరి నుంచి చినమామగారి పిల్లలు, అందరూ కలిసి 20 మంది దాటుతారు. పది రోజుల ముందే అరిసెలు, సున్నుండలు, జంతికలు, చెక్కలు మొదలయ్యేవి. అత్తగారు పాకం పడితే ఈమె పిండి పోసేవారు. చివరి ఐదారేళ్లు అత్తగారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే పనంతా ఈమే చేశారు. ఇప్పుడు నడుములో డిస్క్ సమస్య వచ్చింది. ఎక్కువసేపు నిలబడొద్దని, బరువులు ఎత్తొద్దని డాక్టర్ చెప్పారు.

ఇంతలో ఆడపడుచు ఫోన్ చేశారట. "అమ్మ లేదని పండగ తగ్గకూడదు వదినా. అన్నీ అమ్మ చేసినట్టే జరగాలి. లేకపోతే నాకు పుట్టిల్లు ఉన్నట్టే ఉండదు" అన్నారట. తోడికోడలు మాత్రం "ఎందుకక్కా ఈ శ్రమ? పిండివంటలు కొనేద్దాం. ఒక ఏడు మా ఇంట్లో, ఒక ఏడు మీ ఇంట్లో చేద్దాం" అంటున్నారు. భర్తను అడిగితే "నీ ఇష్టం, చేయగలిగితే చెయ్యి" అన్నారు.

ఉత్తరంలో ఎక్కువ భాగం ఇదే. మధ్యలో ఒక చోట మాత్రం ఆమె ఇలా రాశారు:

"2003లో, నా పెళ్లయ్యాక వచ్చిన తొలి కనుమ నాడు వంటింట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఒక పక్క గారెల పిండి, ఒక పక్క పులుసు, కాళ్లకి అడ్డంపడుతూ పిల్లలు. అత్తయ్యకి విసుగొచ్చి 'వీళ్లందరినీ కాసేపు ఎక్కడికైనా తీసుకుపొండి' అని మామయ్య మీద అరిచారు. ఆయన రెండు ఆటోలు మాట్లాడి పిల్లలని ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లారు. గేట్లు లెక్కపెట్టమన్నారట. డెబ్బై అని సరిగ్గా చెప్పినవాళ్లకే ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అన్నారట. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా ఆడపడుచు మరుసటి కనుమకి 'నాన్నా, బ్యారేజీకి ఎప్పుడు?' అని అడిగింది. అప్పటి నుంచి 22 కనుమలు వరసగా వెళ్లారు. ఈ జనవరిలో మాకు పండగ లేదు. ముగ్గు వేయలేదు, పొయ్యి మీద బాణలి పెట్టలేదు. కనుమ పొద్దున ఆరింటికి చూస్తే మామయ్య మఫ్లర్ చుట్టుకుని హాల్లో కూర్చున్నారు. ఏమీ అనలేదు. మా పిల్లలిద్దరూ లేచి ఆయన్ని తీసుకెళ్లారు. తిరిగొచ్చాక మా అమ్మాయి 'అమ్మా, నువ్వెప్పుడైనా మాతో బ్యారేజీకి వచ్చావా?' అంది. ఒక్కసారి కూడా వెళ్లలేదని అప్పుడే గుర్తొచ్చింది. ప్రతిసారీ గారెలు వేస్తూ ఉంటాను."

చివరి పేజీలో ఇంకో మాట. "ఈ జనవరిలో భోగి నాడు ఏడింటిదాకా నిద్రపోయాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి. హాయిగా అనిపించింది. వెంటనే ఏడుపొచ్చింది. అత్తయ్య పోతే నాకు హాయిగా ఉండటమేంటి? నేను అంత చెడ్డదాన్నా?"

అమ్మా, ఆ చివరి ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. అది ముల్లులా గుచ్చుతుండగా మిగతావి ఎన్ని చెప్పినా మీ మనసుకి పట్టవు.

పది రోజులు పొయ్యి ముందు నిలబడే పని ఒక్క ఏడు తప్పింది. మీ ఒంటికి హాయి అనిపించింది అందుకు. అత్తయ్య పోయిన ఏడే అది జరిగింది కాబట్టి రెండూ కలిసిపోయి మీకు ఒకటిగా కనిపిస్తున్నాయి. ఇరవై ఏళ్లకి పైగా ఒకే వంటింట్లో పక్కపక్కన నిలబడి పనిచేసిన మనిషి లేని పండగ అది. ఆ పొద్దున నిద్ర పట్టడమూ సహజమే, లేవగానే ఏడుపు రావడమూ సహజమే. మీరు చెడ్డవారు కారు, అలసిపోయి ఉన్నారు. ఈ సంగతి నాకు రాసినట్టే మీ అమ్మాయికీ చెప్పండి. ఆ పిల్ల అడిగిన ప్రశ్న చూస్తే, తను మిమ్మల్ని చాలా కాలంగా గమనిస్తోందని నాకు అనిపిస్తోంది.

ఇక పండగ సంగతి. మీ ఆడపడుచు "అమ్మ చేసినట్టే" అంటున్నారు. మీరూ ఉత్తరం పొడుగునా అదే మాట వాడారు. ఏ ఏడు చేసినట్టు? మూడో పేజీలో మీరే ఒక వాక్యం రాసి దాటేశారు: "నేను కాపురానికొచ్చిన కొత్తలో రెండు కిలోల బియ్యంతో అరిసెలు అయిపోయేవి. పిల్లలు దూరం వెళ్లాక డబ్బాలు నింపి పంపాలని ఆరు కిలోలు నానబెట్టడం మొదలుపెట్టారు." మీ మరిది హైదరాబాద్‌లో, మీ ఆడపడుచు వైజాగ్‌లో స్థిరపడింది 2009, 2010లో అని కూడా రాశారు. అంటే తరతరాల నుంచి వస్తున్నట్టు మీ అందరికీ అనిపిస్తున్న ఈ ఆరు కిలోల పండగకి నిండా ఇరవై ఏళ్లు కూడా లేవు.

దాన్ని చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. ఆ ఆరు కిలోల్లో ఒక తల్లి దిగులు ఉంది. పిల్లలు ముక్కనుమ నాడు బయల్దేరి వెళ్లిపోతారు, వాళ్ల వెంట తను వెళ్లలేదు, డబ్బా వెళ్తుంది. ఆ డబ్బా ఖాళీ అయ్యేదాకా, మాఘమాసం దాకా, వాళ్ల ఇళ్లలో ఆమె చేతి వంట ఉంటుంది. రెండు కిలోలు పండగకి, మిగతా నాలుగు కిలోలు ఆ దిగులుకి. ఆ దిగులు ఆమెది. ఆమె స్థానంలోకి మీరు వచ్చారు కాబట్టి అదే తూకం మీరూ మొయ్యాలా అన్నది మీరు తేల్చుకోవాల్సిన సంగతి.

నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. చదివి చదివి ఒకటి గమనించాను. ఇంట్లో ఏ పనైనా మొదటి ఏడు అవసరం కొద్దీ జరుగుతుంది. రెండో ఏడు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అడుగుతారు. ఆ అడగడంతోనే అది ఇంటి ఆచారమవుతుంది. మూడో ఏడు ఎవరూ అడగక్కర్లేదు. పదో ఏడు వచ్చేసరికి మానేస్తే ఏం కీడు జరుగుతుందో అని భయపడతాం. మీ బ్యారేజీ ప్రయాణం అచ్చంగా ఇలాగే పుట్టింది. వంటింట్లో చోటు లేక అత్తయ్య అరిచారు, మామయ్యకి తెలిసిన చోటు బ్యారేజీ, రెండో ఏడు మీ ఆడపడుచు అడిగారు. కనుమ నాడే కుదరడానికీ కారణం ఉంది. భోగి నాడు తలంటు, చిన్నపిల్లలకి భోగిపళ్లు. సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టుకోవడం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, కాబట్టి వచ్చినవాళ్లెవరూ తిరుగు ప్రయాణం కట్టరు. ఇల్లంతా జనం, మినుము తినాల్సిన రోజు కాబట్టి గారెలు అయ్యేదాకా ఎవరికీ పనిలేదు. అంత ఖాళీ ఇంకే పండగ పొద్దునా దొరకదు. దానికి మామయ్య డెబ్బై గేట్లు, వేరుశెనక్కాయలు అనే చిన్న నియమం కలిపారు. పిల్లలకి నియమం ఉన్న ఆట అంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు.

పెద్ద ఆచారాలూ ఇంతే. మనం చూస్తుండగానే ఎన్ని మారలేదు? వాకిట్లో కళ్లాపి పోయింది, అపార్ట్‌మెంట్ వరండాలో చాక్‌పీస్ ముగ్గు వచ్చింది. గొబ్బెమ్మల పేడతో మనమే పిడకలు తట్టి దండ గుచ్చేవాళ్లం, ఇప్పుడు ఆ దండ బజార్లో దొరుకుతోంది. ఏ పెద్దలూ కూర్చుని తీర్మానం చేయలేదు. లిఫ్ట్ పక్కన గొబ్బెమ్మ పెట్టిన పిల్ల రేపు తన పిల్లలకి అదే ముచ్చటగా చెప్పుకుంటుంది.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, వచ్చే సంక్రాంతి మీ ఇంట్లో మళ్లీ మొదటి ఏడు. ఈసారి ఏది చేస్తే, పైయేడు అందరూ దాన్నే అడుగుతారు. నడుముకి బెల్టు కట్టుకుని ఆరు కిలోలూ మీరొక్కరే చేశారనుకోండి, "వదిన చేయగలదు" అన్నది ఖాయమైపోతుంది. 2027లో తగ్గించడం ఇప్పటికంటే కష్టం. అప్పుడు తగ్గిస్తే మీకు ఓపిక లేదనరు, మీకు మనసు మారిందంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, అన్నీ అలాగే చేయడం. ఈ ఏడు గడుస్తుంది. పంతం మీద మనిషి ఎంతైనా చేస్తుంది. ఆడపడుచు సంతోషిస్తారు, నలుగురూ మెచ్చుకుంటారు. ముక్కనుమ నాడు అందరూ వెళ్లాక మీరు మంచం ఎక్కుతారు. డాక్టర్ మాట పక్కన పెట్టడమే నాకు భయం. ఇంకో నష్టం కూడా ఉంది. మీ అమ్మాయి ఇదంతా చూస్తుంది. పండగంటే అమ్మకి నొప్పి అని తన మనసులో పడితే, తన ఇంట్లో తను సంక్రాంతి చేయకపోవచ్చు. అత్తయ్య పద్ధతిని కాపాడదామనుకున్న మీ చేతుల మీదుగానే అది ఆగిపోతుంది.

రెండోది, తోడికోడలు చెప్పినట్టు ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. ఆమె మంచి మనసుతోనే అన్నారు, దాన్ని పుల్లవిరుపుగా తీసుకోకండి. కానీ సంక్రాంతికి ఆంధ్రా జనమంతా హైదరాబాద్ నుంచి ఇటు వస్తారు. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా బారులు తీరతాయో ప్రతి ఏడూ టీవీలో చూస్తూనే ఉన్నాం. ఆ రద్దీలో 78 ఏళ్ల మనిషిని పోనూ రానూ తిప్పడం ఒక ఇబ్బంది. అంతకంటే పెద్దది, కనుమ పొద్దున ఆయన మఫ్లర్ చుట్టుకుని ఆ ఊళ్లో ఎక్కడ కూర్చోవాలి? భార్య పోయిన ఏడాదిలో, పండగ లేని ఇంట్లో, ఆయన అడగకుండానే ఆయన కోసం మిగిలింది ఆ ఒక్క పనే. దాన్ని కదిలించకండి అని నా మనవి. తోడికోడలి మాట కొట్టేయకుండా ఉగాదిని వాళ్లింట్లో పెట్టుకోవచ్చు. ఒక్క రోజు పండగ, పచ్చడి, బొబ్బట్లు, పులిహోర, సాయంత్రానికి ఎవరిళ్లకి వాళ్లు. ఆమెకీ తన చేతి మీదుగా ఒక పండగ జరిగిన తృప్తి ఉంటుంది.

మూడోది, పిండివంటలన్నీ కొనేయడం. విజయవాడలో మంచి అరిసెలు దొరుకుతాయి. చాలా ఇళ్లలో ఆడవాళ్లు కిలోల లెక్కన చేసి ఇస్తున్నారు కూడా. ఇందులో తప్పేమీ లేదు. ఈ ఏడు మీ నడుము ఏమాత్రం సహకరించకపోతే ఇదే చేయండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. కానీ అన్నీ ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మాది గుంటూరు బ్రాడీపేట. చిన్నప్పుడు అట్లతద్దికి అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపేది. ముందు రాత్రి పెట్టుకున్న గోరింటాకు కడుక్కుని, గోంగూర పచ్చడితో, గడ్డ పెరుగుతో అన్నం తిని, చీకట్లోనే ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేవాళ్లం. పెళ్లయ్యాక రెండేళ్లు నేనూ మా పిల్లకి చేశాను. మూడో ఏడు ఉద్యోగంలో సెలవు దొరకలేదు. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగో ఏడు ఎవరూ అడగలేదు. అక్కడితో మా ఇంట్లో అట్లతద్ది పోయింది. ఇప్పటికీ ఆ రోజు నాలుగింటికి నాకు మెలకువ వస్తుంది. లేచి మంచినీళ్లు తాగి మళ్లీ పడుకుంటాను. మా అమ్మాయికి ఆ రుచి తెలియదు. ఒక్క ముద్దయినా పెట్టి ఉండాల్సిందని ఇప్పుడు బాధపడతాను. అందుకే, తగ్గించండి కానీ ఏదో ఒకటి మీ ఇంటి పొయ్యి మీద ఉంచుకోండి అంటాను.

ఆ ఒకటి అరిసెలైతే బాగుంటుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. అరిసెలు ఒక మనిషి చేసే వంట కానే కాదు. బియ్యం నానబెట్టి, నీళ్లు మార్చి, వడేసి, తడి ఆరకముందే మర పట్టించాలి. పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయి, లేతదైతే నూనెలో విచ్చిపోతుంది. ఆ క్షణం చూసి ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా తిప్పాలి. ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తాలి. పల్లెటూళ్లలో ఈ రోజు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని వంతులు పెట్టుకుని ఐదారుగురు కలిసి చేసేవాళ్లు. ఆ వంటకం మన పట్నం వంటింటికి వచ్చింది కానీ వెంట ఆ చేతులు రాలేదు. మీకు బరువైంది అరిసెలు కాదమ్మా, ఐదుగురి పని ఒక్కరి మీద పడటం.

అందుకే నాలుగో దారి. జంతికలు, చెక్కలు కొనండి. సున్నుండలు మినప్పప్పు వేయించి మిక్సీలో పడితే అయిపోయేవి, కూర్చుని చుట్టొచ్చు, మీ అమ్మాయికి అప్పజెప్పండి. అరిసెలు రెండు కిలోలు మాత్రం ఇంట్లో చేయండి, మనుషులందరూ వచ్చాక, భోగికి ముందు రోజున. మీరు కుర్చీ వేసుకుని పాకం చూడండి. దాన్ని కనిపెట్టే కన్ను ఆ ఇంట్లో ఇప్పుడు మీకొక్కరికే ఉంది. మిగతా పనులకి మిగతావాళ్లు ఉన్నారు. మీ అబ్బాయి చేతులు నూనె ఒత్తడానికి బాగా పనికొస్తాయి.

దీనికి ఒప్పించాల్సింది ఆడపడుచుని. ఆమె మాట మీకు ఆజ్ఞలా వినిపించింది. "పుట్టిల్లు ఉన్నట్టే ఉండదు" అన్న ముక్క మళ్లీ చదవండి. తల్లి పోయిన కూతురు భయం అది. వైజాగ్‌లో తన ఇంట్లో ఆ డబ్బా ఈ ఏడు రాలేదు. అరిసెలు ఆరు కిలోలా, రెండు కిలోలా అన్నది ఆమెకి నిజంగా పట్టింపు ఉండకపోవచ్చు. తనకి ఆ ఇంట్లో చోటు ఉందా అన్నది పట్టింపు. కాబట్టి "నాకు నడుం నొప్పి, చేయలేను" అని మొదలుపెట్టకండి. అది నిజమే అయినా, ఆమెకి తలుపు మూసిన చప్పుడులా వినిపిస్తుంది. ఇలా అనొచ్చు: "అత్తయ్య చేసినట్టే చేద్దాం. కానీ అత్తయ్య ఎప్పుడూ ఒక్కతే చేయలేదు, పక్కన నేనుండేదాన్ని. ఇప్పుడు నా పక్కన నువ్వుంటావా? రెండు రోజుల ముందే రా. పాకం నేను చూస్తాను, పిండి నువ్వు పొయ్యి." ఆ తర్వాత మీ నడుము సంగతి చెప్పండి.

వస్తారు అనుకుంటాను. వస్తే పాకం దగ్గర ఇద్దరికీ మాటామాటా రావచ్చు, మధ్యలో ఆమె ఏడవచ్చు, మీరూ ఏడవచ్చు. పొయ్యి కట్టేసి కాసేపు కూర్చోండి. పాకం పోతే మళ్లీ పడదాం. ఒకవేళ సెలవు దొరకలేదు, రాలేను అంటే మీరు నిష్ఠూరం లేకుండా "అయితే ఈసారి అరిసెలు కొంటాను, పైయేటికి ఇప్పుడే సెలవు పెట్టుకో" అనొచ్చు. అప్పుడు ఆమెకి కాదనడానికి కారణం ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఉత్తరంలో ఒక చోట, 2024 సంక్రాంతికి అత్తయ్యే "ఈసారి అరిసెలు కొందామే" అన్నారని, నలుగురూ ఏమనుకుంటారోనని మీరే వద్దన్నారని రాశారు. ఆ మాట ఫోన్‌లో వాదన కోసం వాడకండి. "అమ్మే కొనమంది" అంటే, పోయిన మనిషి మాటని అడ్డం పెట్టుకుంటున్నారని ఆమెకి అనిపిస్తుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నువ్వులు అద్దుతున్నప్పుడు చెప్పండి. ఆ ఏడు అమ్మకి ఎంత అలసటగా ఉందో ఆమెకి తెలియకపోవచ్చు. తెలుసుకునే హక్కు ఆమెకి ఉంది.

మీ వారి సంగతి. "నీ ఇష్టం" అనే మాట మర్యాదగా ఉంటుంది కానీ బరువంతా మీ మీదే వదిలేస్తుంది. ఆయన ఒక్కరే చెల్లెలికి ఫోన్ చేస్తే వదిన చెప్పించిందంటారు. మీరు మాట్లాడుతున్నప్పుడు స్పీకర్ పెట్టి పక్కన కూర్చోమనండి. బియ్యం మర పట్టించుకు రావడం, బెల్లం దంచడం, బాణలి ఎత్తి దించడం ఆయన పేరు మీద రాయండి. అడగకపోతే చేయని మగవాళ్లు చాలామంది అడిగితే చేస్తారు. ఆయన ఎలాంటివారో ఈ నెలలో మీకు తెలుస్తుంది.

ఇక బ్యారేజీ. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నేను ఆగిపోయింది అక్కడే. ఆ ఇంట్లో అందరూ ఎదురుచూసే ఆ గంటన్నర ఎలా సాధ్యమైంది? వెనక వంటింట్లో మీరు, అత్తయ్య నిలబడటం వల్ల. 22 ఏళ్లు ఆ ముచ్చటని నిలబెట్టినవాళ్లకే అది ఎలా ఉంటుందో తెలియదు. అత్తయ్య కూడా ఎప్పుడూ వెళ్లినట్టు మీరు రాయలేదు.

మామయ్య పిల్లల్ని అక్కడికే ఎందుకు తీసుకెళ్లారో ఎప్పుడైనా అడిగారా? ఆయన ఇరిగేషన్ మనిషి, పామర్రు పక్క రైతు బిడ్డ. కృష్ణ మీద 1855లో కట్టిన ఆనకట్టకి 1952లో గండి పడింది. దాని చోట ఈ బ్యారేజీ కట్టి 1957కి పూర్తి చేశారు. అప్పటికి మీ మామయ్య పదేళ్ల పిల్లాడు. ఆ గేట్ల వెనక ఆగిన నీళ్లు కాలవల్లో పారితేనే డెల్టాలో వరి, ఆ వరి ఇంటికొస్తేనే సంక్రాంతి. మీరు అరిసెలకి నానబెట్టే కొత్త బియ్యం ఆ నీళ్లతో పండినవే. కనుమ నాడు రైతు పశువులకి దణ్ణం పెడతాడు. ఆవులు లేని పట్నం గుమాస్తా నీళ్ల దగ్గరికి వెళ్లాడేమో. ఇది నా ఊహ. అసలు సంగతి ఆయన్నే అడగండి, పిల్లల ముందు అడగండి, మీ అబ్బాయి చేత ఫోన్‌లో రికార్డు చేయించండి.

ఈ కనుమకి మీరూ వెళ్లడానికి రెండు మూడు మార్గాలున్నాయి. మినప్పప్పు రాత్రి నానబెట్టి, వచ్చాక రుబ్బుకుంటే గారెలు తొమ్మిదింటికి బదులు పదకొండింటికి అవుతాయి. రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టకండి, గారెలు నూనె పీలుస్తాయి. మామయ్య మాత్రలు వేసుకునే వేళ తప్పకుండా దారిలో రెండు ఇడ్లీ తినిపించాలి. భోజనం ఆలస్యమైందని ఎవరో ఒకరు సణుగుతారు, సణగనివ్వండి. లేదంటే వంతులు పెట్టుకోవచ్చు, ఈ ఏడు మరిది, తోడికోడలు గారెల దగ్గర ఉంటారు, మీరు వెళ్తారు, పైయేడు ఇంకొకరు. ఇందులో చిక్కేంటంటే ఎప్పుడూ ఎవరో ఒకరు వంటింట్లో మిగిలిపోతారు. అందుకని నాకు మొదటిదే నచ్చింది. ఇంటికి తాళం వేసి అందరూ వెళ్లడం.

ఒక్కటి మాత్రం ముందుగా మీ అమ్మాయిని అడగండి. ఇన్నేళ్లూ అది తాతయ్యది, పిల్లలది. పెద్దవాళ్లంతా వెళ్లి ఫొటోలు, హడావుడి మొదలుపెడితే దాని రుచి పోవచ్చు. మీరు వెనక నడవండి. లెక్క తాతయ్య చేతిలోనే ఉంచండి.

సంక్రాంతి దగ్గరపడేకొద్దీ వైజాగ్ రైళ్లలో బెర్తు దొరకదు. ఆడపడుచు రెండు రోజులు ముందు రావాలంటే ఈ ఆదివారమే ఫోన్ చేయండి. కనుమ పొద్దున బ్యారేజీ మీద చలిగాలి గట్టిగా వీస్తుంది. ఎగువన నిండా నీళ్లు, దిగువన ఇసుక, ఆ ఇసుక మీదుగా పొద్దు లేస్తుంటే అక్కడ నిలబడ్డవాళ్లకి టైం తెలియదు. మీరు శాలువా తీసుకెళ్లండి.